సెలవు పెట్టి వచ్చినవాళ్ల పేట: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో చదువు, ఎదురుచూపు, కుంగుబాటు

హైదరాబాద్ నడిబొడ్డున, హుస్సేన్‌సాగర్ నాలా పరిసరాల్లో ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇప్పుడు సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్ల పేటలు. వీళ్లంతా కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన కుర్రవాళ్లు కారు. సాఫ్ట్‌వేర్ కొలువు వదిలి వచ్చినవాళ్లున్నారు. ప్రైవేటు బడిలో పాఠాలు మానేసి వచ్చినవాళ్లున్నారు. కానిస్టేబుల్‌గానో, పంచాయతీ కార్యదర్శిగానో, టీచర్‌గానో చేస్తూ పై ఉద్యోగం కోసం లాంగ్ లీవ్ పెట్టినవాళ్లు, జీతం లేని సెలవు మీద ఉన్నవాళ్లూ ఉన్నారు. ఏడాదిలో తిరిగి వెళ్లిపోదామని వచ్చిన విరామం చాలామందికి మూడేళ్లు, ఐదేళ్లు సాగింది. అంతకాలం జీతం, హోదా, తోటి ఉద్యోగులు లేకుండా గడిపేవారిలో కుంగుబాటు, ఆందోళన ఎలా పుడతాయో, వాటిని తట్టుకునేందుకు మనుషులు ఏ ఏర్పాట్లు చేసుకుంటారో ఈ పేటల చరిత్రలో కనిపిస్తుంది.

హాస్టళ్లు, బడులు, గ్రంథాలయాలు

ఊళ్ల నుంచి చదువు కోసం నగరానికి వచ్చినవారికి ఈ ప్రాంతం నీడనివ్వడం కోచింగ్ సెంటర్లకు చాలా ముందే మొదలైంది. నిజాం పాలనలో తెలుగు చదువుకు దన్ను లేని రోజుల్లో, 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దాని వెనుక ఉన్న పెద్దలు. సుల్తాన్‌బజార్‌లోని ఆ గ్రంథాలయం నారాయణగూడకు కూతవేటు దూరం. చదువుకునేవాళ్లు నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చునే అలవాటు ఈ నగరంలోని తెలుగువాళ్లకు అక్కడ మొదలైందనవచ్చు.

1918లో కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ ఏర్పడింది. జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు తిండి, పడక, పుస్తకం ఒకే చోట దొరికే ఏర్పాటు అది. సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూశారు. ఆ తరువాత వేర్వేరు కులసంఘాలు కూడా ఇలాంటి హాస్టళ్లు కట్టాయి. ఆడపిల్లలు తెలుగులో చదువుకోవడానికి మాడపాటి హనుమంతరావు 1928లో మొదలుపెట్టిన పాఠశాల నారాయణగూడలో స్థిరపడింది. 1940లో జస్టిస్ కేశవరావు కోరట్కర్ పేరు మీద కేశవ మెమోరియల్ విద్యాసంస్థ, 1954లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల ఇక్కడే వెలిశాయి. 1918లోనే పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తరువాత అడిక్‌మెట్ గుట్టల మీదికి చేరడంతో, విద్యానగర్, నల్లకుంట మొదలు నారాయణగూడ దాకా విద్యార్థుల అద్దె గదుల వరస ఏర్పడింది.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారింది. దానితో వచ్చిన ఉద్యోగ కుటుంబాలు సచివాలయానికి దగ్గరగా ఉన్న హిమాయత్‌నగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు ఇళ్లు చూసుకున్నాయి. గుమాస్తా నుంచి గెజిటెడ్ అధికారి దాకా సర్కారు ఉద్యోగులు కాపురముండే పేట కావడంతో, ఇక్కడి పిల్లలకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష ఇంటి మాట అయింది. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కూడా అదే రోజున ఏర్పడింది.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ఈ పేటకు మరో ఆధారాన్నిచ్చింది. ఆస్తి పన్ను మీద గ్రంథాలయ సెస్సు వసూలు చేసి, దానితో గ్రంథాలయ సంస్థలు నడపాలన్నది ఆ చట్టంలోని ముఖ్యమైన ఏర్పాటు. హైదరాబాద్ నగర గ్రంథాలయ సంస్థకు కేంద్ర గ్రంథాలయం చిక్కడపల్లిలో ఉంది. మొదట్లో అది కథలు, నవలలు, వారపత్రికలు చదివే పాఠకుల చోటు. సాయంత్రాలు పెన్షనర్లు దినపత్రికలు తిరగేసేవారు. కొన్ని దశాబ్దాలకు ఆ కుర్చీలన్నీ పోటీ పరీక్షలవాళ్లతో నిండిపోయాయి.

కోచింగ్ పేటగా మారిన క్రమం

ఈ మార్పుకు మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది సివిల్ సర్వీసెస్ పరీక్షలో 1979లో వచ్చిన మార్పు. ప్రిలిమ్స్, మెయిన్స్ అనే రెండంచెల పద్ధతి అప్పుడే వచ్చింది. మెయిన్స్‌ను తెలుగుతో సహా భారతీయ భాషల్లో రాసే వీలు కలిగింది. జిల్లాల్లో తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఐఏఎస్ అందనంత దూరం కాదన్న ఆశ పుట్టింది.

రెండవది పుస్తకం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి హిమాయత్‌నగర్‌లో ఉంది. డిగ్రీ, పీజీ స్థాయి చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి పుస్తకాలు తెలుగులో దొరికే చోటు అదే. రాష్ట్ర సర్వీసుల గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు పాఠ్యపుస్తకం కోసం హిమాయత్‌నగర్‌కు, పాత పుస్తకాల కోసం కోఠికి, కూర్చుని చదవడానికి చిక్కడపల్లికి నడిచి వెళ్లేవారు. ఆ మూడింటికీ మధ్యలో గది దొరికితే బస్సు ఖర్చు మిగిలేది.

మూడవది శిక్షణ సంస్థలు. హిమాయత్‌నగర్, అశోక్‌నగర్‌ల చుట్టూ ఐఏఎస్ స్టడీ సర్కిళ్లు ఒకటొకటిగా వెలిశాయి. వాటి వెంట జిరాక్స్ దుకాణాలు, టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు, బాలుర హాస్టళ్లు, బాలికల హాస్టళ్లు వచ్చాయి. పాత పెంకుటిళ్లు, ఉద్యోగులు కట్టుకున్న రెండంతస్తుల డాబాలు నాలుగైదు అంతస్తుల హాస్టళ్లుగా మారాయి. గంటల లెక్కన కాక నెల లెక్కన కుర్చీ అద్దెకిచ్చే ప్రైవేటు రీడింగ్ హాళ్లు ఈ పరిణామంలో చివరి మెట్టు.

ఉద్యోగం ఇక్కడ బతుకుతెరువు మాత్రమే కాదు, ఆత్మగౌరవానికి సంబంధించిన అంశం కూడా. 1919 నాటి ముల్కీ (స్థానికుల) ఫర్మానా, 1952 ముల్కీ ఆందోళన, 1969 తెలంగాణ ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 నాటి 610 జీవో అన్నీ ‘ఈ నేల కొలువులు ఎవరివి’ అన్న ప్రశ్న చుట్టూ తిరిగినవే. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంతో సాగిన ఉద్యమం ఫలించి 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అదే ఏడాది రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ వచ్చింది. తెలంగాణ ఉద్యమ చరిత్ర గ్రూప్స్ సిలబస్‌లో ఒక పూర్తి పేపరైంది. ఉద్యమంలో పాల్గొన్న తరం ఆ ఉద్యమాన్నే పాఠంగా చదువుతూ అశోక్‌నగర్ గదుల్లో కూర్చుంది. ఉద్యోగం రాకపోతే ఆ ఓటమి తమ ఒక్కరిదే కాదనీ, తమ మీద ఆశ పెట్టుకున్న ఇంటిదీ ఊరిదీ అనీ చాలామందికి అనిపించడానికి ఈ నేపథ్యం ఒక కారణం.

తేదీ లేని విరామం

సెలవు పెట్టి చదివేవారిని కుంగదీసేది కష్టమైన సిలబస్ ఒక్కటే కాదు. పరీక్ష ఎప్పుడో తెలియకపోవడం అంతకంటే పెద్ద బరువు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి గ్రూప్-1 మెయిన్స్ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఆ పరీక్ష మళ్లీ 2016లో జరిగింది. తెలంగాణ తొలి గ్రూప్-2 నోటిఫికేషన్ 2015 డిసెంబర్‌లో 439 పోస్టులతో వచ్చి, 2016లో 1,032 పోస్టులకు పెరిగింది. పరీక్ష 2016 నవంబర్‌లో జరిగితే తుది ఫలితాలు 2019లో వచ్చాయి.

2022 మార్చి 9న శాసనసభలో 80,039 ఉద్యోగాల భర్తీ ప్రకటన వెలువడింది. వయోపరిమితిని పదేళ్లు పెంచి 44 ఏళ్లు చేశారు. ఉద్యోగాల్లో స్థిరపడినవారు, పెళ్లయి పిల్లలున్నవారు సైతం మళ్లీ పుస్తకం పట్టారు. రాజీనామాలు, సెలవు దరఖాస్తులు ఊపందుకున్నది ఆ వేసవిలోనే. ఏప్రిల్‌లో వచ్చిన 503 పోస్టుల గ్రూప్-1 నోటిఫికేషన్ రాష్ట్రం ఏర్పడ్డాక మొదటిది. దానికి 3.80 లక్షల మంది దరఖాస్తు చేశారు.

ఆ పరీక్ష నడిచిన తీరు ఈ పేట మనసు మీద చెరగని ముద్ర వేసింది. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ నిర్వహించారు. బయోమెట్రిక్ తీసుకోలేదన్న అభ్యంతరం మీద సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. 2024 ఫిబ్రవరి 19న పాత నోటిఫికేషన్ స్థానంలో 563 పోస్టులతో కొత్తది వచ్చింది. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి 27 దాకా మెయిన్స్ జరిగాయి. 2025 సెప్టెంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి మెయిన్స్ ఫలితాలను పక్కనపెట్టడం, డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేయడం, ఆ వెంటనే నియామక పత్రాలు అందడం ఒకే నెలలో జరిగాయి. మొదటి నోటిఫికేషన్ నుంచి నియామక పత్రం దాకా మూడేళ్ల ఐదు నెలలు పట్టింది.

గ్రూప్-2 కథ కూడా దీనికి తీసిపోలేదు. 2022 డిసెంబర్ 29న 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు నుంచి నవంబర్‌కు, అక్కడి నుంచి 2024 జనవరికి, తరువాత ఆగస్టుకు, చివరికి డిసెంబర్ 15, 16 తేదీలకు జరిగింది. ఐదున్నర లక్షల మంది దరఖాస్తుదారుల్లో ఎవరికీ ఆ పదహారు నెలల్లో కాలం తమ చేతిలో లేదు. వాయిదా కోరినవారూ వద్దన్నవారూ ఒకే హాస్టల్ గదిలో ఉండేవారు. మళ్లీ రివిజన్ మొదలుపెట్టాలా, ఊరికి పోయి రావాలా, వదిలిన ఉద్యోగంలో చేరాలా అన్న ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు దొరకదు.

పని ఆగినప్పుడు మనసుకు జరిగేది

ఉద్యోగం ఆగితే మనిషికి ఏమవుతుందన్న విషయం మీద ప్రపంచంలో తొలి లోతైన పరిశీలనల్లో ఒకటి ఆస్ట్రియాలోని మారీంతాల్ అనే ఊళ్లో జరిగింది. అక్కడి బట్టల మిల్లు మూతపడి ఊరంతా పని కోల్పోయింది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ సైజెల్ 1930ల తొలినాళ్లలో ఆ ఊరిని పరిశీలించి 1933లో పుస్తకం ప్రకటించారు. తీరిక పెరిగింది కాబట్టి జనం ఎక్కువ చదువుతారనుకుంటే, ఊరి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం సగానికి పడిపోయింది. మగవాళ్ల నడక మందగించింది. నిన్న పొద్దున్నుంచి ఏం చేశారని అడిగితే చాలామంది చెప్పలేకపోయారు. ఇంటి పని ఆగని ఆడవాళ్ల నడకలో మాత్రం వేగం తగ్గలేదు.

జీతమే కాక ఉద్యోగం మనిషికి ఇంకో ఐదింటిని ఇస్తుందని యహోడా తరువాతి కాలంలో వివరించింది. రోజుకు ఒక క్రమం, ఇంటి బయట మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి చేసే పని, సమాజంలో ఒక గుర్తింపు, చేతికీ బుర్రకూ నిత్యం పని. విరామంలో ఇవి ఐదూ ఒకేసారి పోతాయి. చదువు కోసం తీసుకున్న సెలవైనా, ఒంట్లో బాగాలేక తీసుకున్న సెలవైనా ఈ నష్టం తప్పదు.

లక్షణాలు కూడా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ముందు నిద్ర చెదురుతుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడదు. చదివిన పేజీ మళ్లీ చదవాల్సి వస్తుంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాదు. గుండె దడ, అరచేతుల్లో చెమట, మాక్ టెస్ట్ ముందు కడుపులో తిప్పడం ఆందోళన గుర్తులు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తానెందుకూ పనికిరానన్న భావం, ఆకలి తగ్గడమో మితిమీరడమో కుంగుబాటు గుర్తులు. ఇవి రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే వైద్యశాస్త్రం దాన్ని రుగ్మతగానే చూస్తుంది. దాన్ని బద్ధకంగానో పట్టుదల లేకపోవడంగానో తీసేయడం తప్పు. ఈ పేటలో మాత్రం దానికి మొదట దొరికే పేరు ‘సీరియస్‌నెస్ లేదు’ అన్నదే.

పేట చేసుకున్న ఏర్పాట్లు

మారీంతాల్‌లో గ్రంథాలయం ఖాళీ అయితే, చిక్కడపల్లిలో నిండిపోయింది. పొద్దున తలుపు తెరిచే వేళకే కుర్చీ కోసం వరసకట్టేవాళ్లు ఉంటారు. లోపల చోటు చాలనివాళ్లు ఆవరణలో చెట్ల కింద సొంత పుస్తకాలతో కూర్చుంటారు. అక్కడ పుస్తకం అరువు తెచ్చుకునేవాళ్లు తక్కువ, కూర్చోవడానికి వచ్చేవాళ్లు ఎక్కువ. గదిలో మంచం మీద చదవగలిగినవాడు కూడా గ్రంథాలయానికి నడిచి వెళ్లడానికి కారణం ఉంది. పొద్దున లేచి స్నానం చేసి, చొక్కా తొడుక్కుని వెళ్లి, రోజూ ఒకే చోట కూర్చునే క్రమం పోయిన ఉద్యోగంలోని మొదటి లాభాన్ని తిరిగి ఇస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు రెండోదాన్ని ఇస్తారు.

మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం మరో ఆసరా. నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన ఈ పథకం కూలీలతో పాటు పరీక్షలకు చదివేవాళ్ల కడుపూ నింపింది. ఇంటి నుంచి వచ్చే పైసలు తక్కువైనప్పుడు ముందుగా కోత పడేది తిండి మీదనే. తిండి తప్పితే నిద్ర తప్పుతుంది, నిద్ర తప్పితే మనసు గాడి తప్పుతుంది. సాయంత్రం చాయ్ బండి దగ్గర కరెంట్ అఫైర్స్ మీద సాగే చర్చ చదువూ అవుతుంది, కాలక్షేపమూ అవుతుంది. నలుగురైదుగురు కలిసి సిలబస్ పంచుకుని ఒకరికొకరు చెప్పుకునే బృందాల్లో, రెండు రోజులు రానివాడి కోసం మూడోరోజు ఎవరో ఒకరు గదికి వెళ్లి తలుపు తడతారు. ఒంటరితనానికి ఇంతకు మించిన విరుగుడు అరుదు.

నడకకు ఇందిరా పార్కు ఉంది. 1970లలో ఏర్పడిన ఈ 76 ఎకరాల తోట అశోక్‌నగర్‌వాళ్లకు పొద్దుటి నడక బాట. దాని పక్కనే ఉన్న ధర్నాచౌక్ నగరంలో నిరసనల చిరునామా. 2017లో ప్రభుత్వం దాన్ని అక్కడి నుంచి తరలించినా, హైకోర్టు ఆదేశాలతో తిరిగి తెరుచుకుంది. కోపాన్ని లోపల దాచుకునేకన్నా పదిమందిలో పలకడం మనసుకు మంచిదన్న సంగతి నోటిఫికేషన్ల ఆందోళనల్లో పాల్గొన్నవారికి అనుభవమే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రపు సంగీత, సాహిత్య సభలకు టికెట్ లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, దేవి, సుదర్శన్ హాళ్లున్నాయి. పరీక్ష ముగిసిన రోజు మార్నింగ్ షో చూడడం ఇక్కడ ఒక ఆనవాయితీ. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి మెట్ల మీద హాల్‌టికెట్ పట్టుకుని కూర్చునేవాళ్లూ కనిపిస్తారు.

ఈ ఏర్పాట్లు ఎంత అవసరమో 2020 మార్చిలో తెలిసింది. లాక్‌డౌన్‌తో గ్రంథాలయం, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఒక్కసారి మూతపడ్డాయి. నగరంలోని హాస్టళ్లవాళ్లు ఊళ్లకు వెళ్లే అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. ఊరికి చేరినవారికి పుస్తకాలున్నాయి, తీరిక ఉంది. కానీ పక్కన చదివే మనిషి లేడు. ఎదురింటివాళ్లు ‘ఉద్యోగం ఎప్పుడు’ అని అడిగే అరుగు మాత్రం ఉంది.

ఈ ఏర్పాట్లకు ఒక లోపం కూడా ఉంది. తోటివాళ్లే పోటీదారులు. స్నేహితుడికి మార్కులు వస్తే సంతోషమూ, తనకు రాలేదన్న దిగులూ ఒకేసారి కలుగుతాయి. ఫలితాల తరువాత ఎంపికైనవాడు గది ఖాళీ చేసి వెళ్లిపోతాడు. మిగిలినవాడు కొత్త రూమ్‌మేట్‌ను వెతుక్కుంటాడు. ఏళ్లు గడిచేకొద్దీ ‘సీనియర్’ అన్న పిలుపు గౌరవం నుంచి గుచ్చుకునే మాటగా మారుతుంది. ఆడపిల్లలకు పెళ్లి ఒత్తిడి, పెళ్లయినవారికి పిల్లల దిగులు, హాస్టల్ గేటు మూసే వేళ అదనం.

పేట ఒక్కటే చాలని చోట

స్నేహితులు, నడక, క్రమం సరిపోని స్థితి కూడా ఉంటుంది. అక్కడ వైద్యం కావాలి. నిజాం కాలం నాటి మానసిక వైద్యశాల జాల్నాలో ఉండేది. 1953లో అది హైదరాబాద్ ఎర్రగడ్డకు మారింది. ‘ఎర్రగడ్డ’ అన్న మాటే ఎగతాళిగా మారడం వల్ల చాలామంది డాక్టర్ దగ్గరకు వెళ్లడానికి జంకారు. ఈలోగా వైద్యం చాలా ముందుకు నడిచింది. కుంగుబాటుకు తొలితరం మందులు 1950ల చివర్లో వచ్చాయి. దుష్ఫలితాలు తక్కువగా ఉండే కొత్తతరం మందులు 1980ల చివరి నుంచి వాడుకలోకి వచ్చాయి. ఆలోచనల తీరును, రోజువారీ అలవాట్లను క్రమంగా సరిచేసే మాటల చికిత్స కూడా అంతే నమ్మదగినదని తేలింది. భారత ప్రభుత్వం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. అయినా 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సాధారణ మానసిక రుగ్మతలున్న ప్రతి 100 మందిలో 80 మందికి పైగా చికిత్స అందడం లేదు.

2017లో వచ్చి 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడు విషయాలు తేల్చింది. మానసిక వైద్యం పొందడం పౌరుడి హక్కు. చికిత్స వివరాలు గోప్యంగా ఉండాలి. ఆరోగ్య బీమా శారీరక వ్యాధికీ మానసిక వ్యాధికీ తేడా చూపకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని శిక్షించడం కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించి ఆదుకోవాలని కూడా చట్టం చెప్పింది. 2022 అక్టోబర్‌లో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులో, ఉచితంగా మాట్లాడవచ్చు.

2023 అక్టోబర్‌లో అశోక్‌నగర్ హాస్టల్‌లో ఒక యువతి మరణించింది. ఆ రాత్రి వందలాది మంది అభ్యర్థులు రోడ్డు మీద బైఠాయించారు. పరీక్షల వాయిదాలే కారణమని వారన్నారు, వ్యక్తిగత కారణాలని పోలీసులన్నారు. ఒక మరణానికి ఒకే కారణం అంటగట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ రాత్రి రోడ్డు మీదికి వచ్చినవారిలో చాలామంది తమ దిగులును కూడా మొదటిసారి బయటపెట్టారన్నది మాత్రం స్పష్టం. ఎన్నికల ముందు ఆ నవంబర్‌లో జాతీయ స్థాయి నాయకులు సైతం ఈ పేటకు వచ్చి అభ్యర్థులతో మాట్లాడారు. 2024 ఆగస్టులో ప్రభుత్వం శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించింది.

చట్టపరంగా పెద్ద మలుపు 2025 జులైలో వచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై విచారిస్తూ సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్‌నో మానసిక నిపుణుడినో నియమించాలని ఆదేశించింది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా ఈ మార్గదర్శకాల పరిధిలోకి వస్తాయి. గ్రంథాలయంలో, రీడింగ్ హాల్లో సొంతంగా చదివేవారు మాత్రం ఏ సంస్థ పట్టికలోనూ ఉండరు. అశోక్‌నగర్‌లో అలాంటివారే ఎక్కువ.

ఈ అనుభవం నేర్పినవి

నూరేళ్ల హాస్టళ్ల చరిత్ర, నాలుగు దశాబ్దాలకు పైబడిన కోచింగ్ చరిత్ర నుంచి కొన్ని విషయాలు తేలుతున్నాయి. సెలవు పెట్టేటప్పుడే దానికి గడువు పెట్టుకున్నవారు వాయిదాలను మెరుగ్గా తట్టుకున్నారు. ఫలానా అటెంప్ట్ దాకా, ఫలానా నెల దాకా అని ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకుంటే ప్రతి ఫోన్ కాల్ సంజాయిషీగా మారదు. రాజీనామా ఇచ్చేకన్నా సెలవు తీసుకోవడం, సెలవు దొరకకపోతే ఒంటిపూట పని చూసుకోవడం మనసుకు కొంత భద్రత ఇస్తాయి. ట్యూషన్ చెప్పుకుంటూ, రీడింగ్ హాల్లో పర్యవేక్షణ చేస్తూ చదివినవారికి జీతం చిన్నదే అయినా గుర్తింపు మిగులుతుంది. నిద్ర వేళ, భోజనం వేళ మారనివ్వకపోవడం, రోజూ అరగంట నడవడం, వారానికి ఒకపూట పుస్తకం ముట్టకపోవడం చదువుకు అడ్డు కావు, ఆధారమవుతాయి.

దిగులు రెండు వారాలు దాటితే డాక్టర్‌ను చూడాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు గంటలు కూడా ఆగకూడదు. పక్కవారికి చెప్పాలి, 14416కు ఫోన్ చేయాలి, ఆస్పత్రికి వెళ్లాలి. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఇక్కడి మెట్రో మార్గంలో చిక్కడపల్లి నుంచి మూడో స్టేషన్ గాంధీ ఆస్పత్రి. కుంగుబాటుకు రాసే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగైందని మధ్యలో ఆపేస్తే తిరగబెట్టవచ్చు కాబట్టి, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. పరీక్ష దగ్గరలో ఉందని చికిత్స వాయిదా వేసుకోవడం ఈ పేటలో తరచూ జరిగే పొరపాటు. పరీక్ష వాయిదా పడ్డాక కూడా ఆ చికిత్స మొదలుకాదు.

ప్రభుత్వం చేయవలసినవి ఇంతకన్నా తేలికైనవి. చెప్పిన తేదీకి పరీక్ష పెట్టడం, చెప్పిన నెలలో ఫలితం ఇవ్వడం కౌన్సెలర్ అవసరాన్నే సగం తగ్గిస్తాయి. మిగతా సగం కోసం, సెస్సు డబ్బుతో నడిచే చిక్కడపల్లి గ్రంథాలయంలోనే ఒక గది తెరిచి, ఏ సంస్థ పట్టికలోనూ పేరులేని పాఠకులకు కూడా అందేలా ఒక మానసిక నిపుణుడిని కూర్చోబెట్టాలి.